ఐరన్ అమెరికాలో 18, మనకి 29: రోజువారీ పోషకాల లెక్క ఎవరు, ఎలా కడతారు?

నమస్తే అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మీరుండేది విజయవాడ. మీ అమ్మాయికి 20 ఏళ్లు, హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతోంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 10.6 వచ్చింది. రోజుకి ఎంత ఐరన్ కావాలో వెతికితే ఒకచోట 18 మిల్లీగ్రాములు, ఇంకోచోట 29 కనిపించాయి. ఇంట్లో ఉన్న మల్టీవిటమిన్ డబ్బా మీద మళ్లీ ఇంకేదో శాతం. "ఈ అంకెలు ఎవరు తేలుస్తారు, ఏది నమ్మాలి, రోజూ అంత తినకపోతే లోపం వచ్చినట్టేనా?" అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. 18 అమెరికా వాళ్లది, 29 మనది. రెండూ సరైనవే, ఎవరి భోజనానికి వాళ్ల లెక్క. మన లెక్క కట్టేది భారత వైద్య పరిశోధన మండలి కింద హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. ఇప్పుడు మేమంతా వాడేది వాళ్ల 2020 నివేదిక. ఆ 29 మీ అమ్మాయి ఒంటిని కొలిచి చెప్పిన అంకె కాదు. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలో నూటికి 97, 98 మందికి సరిపోవాలని ఎత్తున పెట్టిన అంకె. దానికంటే తక్కువ తిన్నంత మాత్రాన లోపం ఉన్నట్టు కాదు. అలాగే 10.6 ఉన్న పిల్లకి ఈ అంకెలు మందు కావు. దాని సంగతి చివర్లో చెప్తాను, అది మాత్రం తప్పకుండా చదవండి.

నేను గుంటూరులో చాలా ఏళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. రోజూ ఎవరో ఒకరు ఫోన్లో ఇలాంటి పట్టిక చూపించి "మేడం, మా పాప ఇందులో సగం కూడా తినట్లేదు" అని కంగారుపడుతూ వస్తారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అసలు ఉన్నవి మూడు అంకెలు. బయట ప్రచారంలో ఉన్నది మాత్రం ఒక్కటే, ఆర్‌డీఏ అనేది, అంటే రోజువారీ సిఫారసు. మీరు చూసిన 18, 29 అవే. దానికి పునాది ఈఏఆర్, అంటే సగటు అవసరం. ఒకే వయసు, ఒకే లింగం, ఆరోగ్యంగా ఉన్న వందమందిని తీసుకుంటే యాభైమందికి సరిపోయే మోతాదు అది. మిగతా యాభైమందికి అది చాలదు. అందుకని మనుషుల అవసరాల్లో ఉండే హెచ్చుతగ్గులను కొలిచి, ఆ తేడాకి రెండింతలు సగటు మీద కలుపుతారు. అలా వచ్చేదే ఆర్‌డీఏ. గుమ్మం ఎత్తు పెట్టించేటప్పుడు ఇంట్లోవాళ్ల సగటు ఎత్తు చూసి పెట్టించం కదా, వచ్చే చుట్టాల్లో పొడుగువాళ్లకి కూడా తల తగలకుండా చూసుకుంటాం. ఇదీ అంతే. ఇక మూడోది టీయూఎల్. రోజూ అంతకుమించి తీసుకుంటూ పోతే చెడు జరిగే అవకాశం పెరిగే హద్దు.

చాలా పోషకాల్లో మనిషికీ మనిషికీ తేడా ఎంతో కచ్చితంగా కొలిచిన సమాచారం లేదు. అలాంటప్పుడు నూటికి పది ఉంటుందని అనుకుంటారు. రెండింతలు కలిపితే ఇరవై శాతం. జింక్ చూడండి: మగవాళ్ల సగటు అవసరం 14.1 మిల్లీగ్రాములు, సిఫారసు 17. ఆడవాళ్లకి 11, 13.2. ఇంచుమించు 1.2 రెట్లు. ఆర్‌డీఏ అంటే ప్రయోగశాలలో యంత్రం చూపించిన రీడింగ్ అనుకుంటారు చాలామంది. కాదండి, కొలిచిన దాని మీద నిపుణులు కూర్చుని వేసుకున్న జాగ్రత్త కూడా అందులో ఉంటుంది.

మరి ఆ సగటు అవసరం ఎలా తెలుస్తుంది? ఒక్కో పోషకానికి ఒక్కో దారి. మీరు అడిగింది ఐరన్ కాబట్టి దాన్నే పూర్తిగా విడమరుస్తాను, ఈ లెక్క ఇంట్లో కాగితం మీద కూడా వేసుకోవచ్చు.

మన ఒంట్లోంచి ఐరన్ రోజూ కొంచెం పోతూనే ఉంటుంది. పేగు లోపలి పొర రాలడం, చర్మం రాలడం, మూత్రం, ఇలా. దీన్ని ఒకప్పుడు రేడియోధార్మిక ఐరన్ చాలా తక్కువ మోతాదులో ఇచ్చి, నెలల తరబడి ఎంత తగ్గుతోందో చూసి కొలిచారు. కిలో బరువుకి రోజుకి 14 మైక్రోగ్రాములు అని తేలింది. మన నివేదికలో ప్రామాణిక స్త్రీ బరువు 55 కిలోలు. గుణిస్తే 0.77 మిల్లీగ్రాములు. దీనికి నెలసరిలో పోయే రక్తంలోని ఐరన్‌ను ముప్పై రోజులకి పంచి కలపాలి, అది సగటున అర మిల్లీగ్రాము లోపే. మొత్తం సుమారు 1.2. అంటే రోజుకి పేగు దాటి రక్తంలోకి చేరాల్సింది ఇంతే, ఒక మిల్లీగ్రాము మీద కొంచెం!

కానీ తిన్నదంతా రక్తంలోకి చేరదు. మనం తినేది ఎక్కువగా అన్నం, పప్పు, ఆకుకూర. వీటిలోని ఫైటేట్ లాంటి పదార్థాలు ఐరన్‌ను పట్టేసుకుంటాయి. అందుకని మన భోజనంలోంచి సుమారు 8 శాతమే ఒంటికి పడుతుందని తీసుకున్నారు. 1.2ను 0.08తో భాగించండి, 15 వస్తుంది. మన స్త్రీల సగటు అవసరం అదే. మాంసం ఎక్కువ తినే అమెరికా భోజనంలోంచి 18 శాతం పడుతుందని వాళ్ల లెక్క. అందుకే అక్కడ సగటు అవసరం 8 దగ్గరే ఆగింది. చూశారా, రక్తానికి చేరాల్సింది రెండుచోట్లా ఇంచుమించు ఒకటే. తేడా అంతా కంచంలో ఉంది.

మరి 15 నుంచి 29కి ఎందుకు అంత ఎగిరింది? జింక్‌లా ఇరవై శాతం కలిపితే 18 రావాలి కదా అని మీకు అనిపించాలి. కారణం నెలసరి. ఎక్కువమందికి రక్తస్రావం ఒక మోస్తరుగానే ఉంటుంది, కొద్దిమందికి చాలా ఎక్కువ. ఆ కొద్దిమందిని కూడా కలుపుకోవాలంటే అంకెను బాగా పైకి లాగాల్సిందే. అందువల్ల సాధారణ స్రావం ఉన్న అమ్మాయిల్లో ఎక్కువమంది అసలు అవసరం 29కి చాలా కిందే ఉంటుంది. స్రావం ఎక్కువున్న అమ్మాయికేమో తిండి ఎంత సరిచేసినా చాలకపోవచ్చు.

నేను రక్తహీనత ఉన్న అమ్మాయి ఎదురుగా కూర్చోగానే గోంగూర గురించి అడగను, నెలసరి గురించి అడుగుతాను. బ్రాడీపేట నుంచి ఒకావిడ డిగ్రీ చదివే కూతుర్ని తీసుకొచ్చారు. తోటకూర, బెల్లం, ఖర్జూరాలు, రాగి జావ, అన్నీ కొలత ప్రకారం పెడుతున్నారు, హిమోగ్లోబిన్ కదలట్లేదు. పాపని విడిగా అడిగితే ఎనిమిది రోజులు బ్లీడింగ్ అవుతుందని, అందరికీ అంతేనేమో అనుకున్నానని చెప్పింది. గైనకాలజిస్టు దగ్గరికి పంపాను, అక్కడ వైద్యం మొదలయ్యాకే రక్తం పెరిగింది. ఆ తల్లి నెలల తరబడి తన వంటలో లోపం ఉందని బాధపడ్డారండి. పట్టికలోని అంకె ఆమెకి ఆ బాధే ఇచ్చింది తప్ప దారి చూపించలేదు.

ఆ 8 శాతం కూడా రాతిమీద గీత కాదు. ఒంట్లో నిల్వ తగ్గితే పేగు తనంతట తానే ఎక్కువ లాక్కుంటుంది. భోజనంతో పాటు జామకాయో, నిమ్మరసమో, ఉసిరో ఉంటే పెరుగుతుంది. భోంచేసిన వెంటనే టీ తాగితే పడిపోతుంది. చేప, మాంసం, కాలేయం తినేవాళ్లకి వాటిలోని ఐరన్ ఎలాగూ బాగా పడుతుంది, పక్కనున్న పప్పులోది కూడా ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. హాస్టల్ పిల్లలకి నేను చెప్పేది చాలా చిన్న మార్పు: మధ్యాహ్నం అన్నంతో జామకాయ, టీకి గంట ఎడం. ఇంతకంటే ఎక్కువ చెప్తే హాస్టల్లో జరగదు.

ప్రొటీన్ దారి వేరు. ఇక్కడ నైట్రోజన్ లెక్క చూస్తారు. కొందరు ఆరోగ్యవంతులకి రకరకాల మోతాదుల్లో ప్రొటీన్ పెడుతూ, మూత్రంలో, మలంలో, చెమటలో పోయే నైట్రోజన్ కొలుస్తారు. లోపలికి వెళ్లింది, బయటికి పోయింది సమానమయ్యే చోటు సగటు అవసరం. అది కిలో బరువుకి 0.66 గ్రాములు, సిఫారసు 0.83. కాబట్టి 65 కిలోల ప్రామాణిక పురుషుడికి రోజుకి 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి 46. ఇది పాలు, గుడ్డు లాంటి మేలురకం ప్రొటీన్ లెక్క. అన్నమే ప్రధానంగా తినేవాళ్లు కిలోకి ఒక గ్రాము వేసుకోవడం మంచిది. మన ఇళ్లలో ప్లేటు నిండా అన్నం పెట్టుకుని పప్పు రెండు గరిటెలతో సరిపెడతారు. నా దృష్టిలో మన జిల్లాల భోజనంలో మార్చాల్సిన మొదటి విషయం అదే. డబ్బాల్లో పౌడర్లు కొనే ముందు పప్పు పలచన చేయడం మానేయండి.

ఇంకో పాత పద్ధతి ఉంది, ఇప్పుడైతే ఎవరూ అనుమతించరు. లోపం వచ్చేదాకా ఆ పోషకం లేకుండా ఉంచి చూడటం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, యుద్ధానికి వెళ్లనన్న కొందరు స్వచ్ఛందంగా ముందుకొస్తే, వాళ్లకి నెలల తరబడి విటమిన్ సి దాదాపు లేని భోజనం పెట్టారు. కొన్ని నెలలకి చర్మం మీద, చిగుళ్లలో స్కర్వీ లక్షణాలు వచ్చాయి. రోజుకి 10 మిల్లీగ్రాములు ఇస్తే చాలు, తగ్గిపోయాయి. అంటే స్కర్వీ రాకుండా ఉండటానికి పదే సరిపోతుంది.

మరి 2010లో మన సంస్థ 40 అని, 2020లో మగవాళ్లకి 80, ఆడవాళ్లకి 65 అని ఎందుకు చెప్పింది? పదేళ్లలో మన శరీరాలు మారలేదు. మారింది ప్రశ్న. జబ్బు రాకుండా ఎంత చాలు అనేది ఒక ప్రశ్న, రక్తంలో, కణాల్లో మంచి స్థాయి నిలవడానికి ఎంత కావాలి అనేది ఇంకో ప్రశ్న. ఏ సిఫారసు చూసినా "దేనికి సరిపోవాలని ఈ అంకె?" అని ముందు అడగాలి. కాల్షియం కూడా అలాగే 600 నుంచి 1000 అయింది. ఆ వార్త చూసి అప్పటిదాకా బాగానే ఉన్న పెద్దవాళ్లు మాత్రల షీట్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. పాలు, పెరుగు రోజూ వాడుతూ, అప్పుడప్పుడూ రాగులు తింటూ ఉంటే అందులో పెద్ద వాటా వచ్చేస్తుంది. వంద మిల్లీలీటర్ల పాలలో సుమారు 120, వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. మిగిలింది ఎంతో చూసుకుని, కావాలంటేనే మాత్ర.

ఆరు నెలల లోపు పసిపిల్లల మీద ఇలాంటి ప్రయోగాలు ఎవరూ చేయరు. ఆరోగ్యంగా పెరుగుతున్న బిడ్డ తల్లిపాల ద్వారా ఎంత పొందుతోందో అదే ప్రమాణం.

ఎత్తున పెట్టకూడని అంకె ఒకటుంది: కేలరీలు. విటమిన్ సి కొంచెం ఎక్కువైతే మూత్రంలో పోతుంది. కేలరీలు ఎక్కువైతే నడుం చుట్టూ చేరతాయి. అందుకే శక్తికి ఆర్‌డీఏ లేదు, సగటు అవసరమే చెప్తారు. శరీరం విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తిని పనిని బట్టి హెచ్చిస్తారు: కూర్చుని చేసే పనికి 1.4 రెట్లు, మధ్యస్థ శ్రమకి 1.8, బరువు పనికి 2.3. 65 కిలోల మగవాడికి వరసగా 2110, 2710, 3470 వస్తాయి.

దీని అర్థం గుంటూరులో ఉన్నవాళ్లకి మిర్చి యార్డు చూస్తే తెలుస్తుంది. అక్కడ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసే హమాలీ తినే అన్నం చూసి ఎవరైనా ఆశ్చర్యపోతారు, కానీ అతనికి అది కావాలి. నడుం నొప్పితో మోత మానేసి వాచ్‌మన్ పనికి మారిన ఒకాయన నా దగ్గరికి షుగరుతో వచ్చారు. "తిండి ఏమీ మార్చలేదమ్మా, ఎప్పుడూ తినేదే తింటున్నా" అన్నారు. అదే కారణం. 3470కీ 2110కీ మధ్య 1360 కేలరీల తేడా, అంటే ఇంచుమించు 400 గ్రాముల బియ్యం. మనిషి అతనే, బరువూ అంతే, పని మారేసరికి అవసరం అంత తగ్గిపోయింది. ఒక్కసారిగా కోసేస్తే ఆగలేరు కాబట్టి అన్నం తగ్గించే కొద్దీ కూరా, పప్పూ, మజ్జిగా పెంచుతూ కొన్ని వారాల్లో కిందికి తెచ్చాం.

పై హద్దు ఎలా పెడతారో కూడా ఐరన్‌తోనే చెప్తాను. రోజుకి 70 మిల్లీగ్రాముల దగ్గర కడుపులో వికారం, మలబద్ధకం లాంటివి కనిపించాయి. దాన్ని జాగ్రత్త కోసం 1.5తో భాగించి 45 దగ్గర గీత గీశారు. విటమిన్ డికి ఆ గీత రోజుకి 4000 యూనిట్లు, విటమిన్ ఎకి 3000 మైక్రోగ్రాములు. సిఫారసుకి నాలుగింతలు తీసుకుంటే నాలుగింతల మేలు జరుగుతుందనుకునేవాళ్లు ఈ గీతలు గుర్తుపెట్టుకోవాలి, ముఖ్యంగా కొవ్వులో కరిగి ఒంట్లో పేరుకుపోయే ఎ, డి విషయంలో.

మీ డబ్బా మీది శాతం సంగతి. ప్యాకెట్ ఆహారాల మీద మన ఆహార భద్రత సంస్థ అడిగే శాతాలు 2000 కేలరీలు తినే పెద్దవాళ్ల లెక్కలో ఉంటాయి: కొవ్వు 67 గ్రాములు, కలిపిన చక్కెర 50 గ్రాములు, సోడియం 2000 మిల్లీగ్రాములు. అయిదేళ్ల పిల్లాడు తినే బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా అదే లెక్క. కాబట్టి పిల్లల విషయంలో ఆ శాతం చూసి "పర్లేదు, తక్కువే" అనుకోకండి. మల్టీవిటమిన్ మీద నూరు శాతం అని ఉంటే అది మగవాళ్ల అవసరంలో నూరా, ఆడవాళ్లదా అని చూడండి. ఐరన్ విషయంలో 19కీ 29కీ చాలా తేడా.

"మన దేశంలో ఇంతమంది ఫలానాది చాలినంత తినట్లేదు" అనే ప్రకటనలు కూడా చూస్తుంటారు. అలాంటివి కనిపిస్తే వాళ్లు దేనితో పోల్చారో చూడండి. ఒక ఊళ్లో ఎంతమందికి చాలట్లేదో తెలుసుకోవాలంటే సగటు అవసరంతో పోల్చాలి. ఆర్‌డీఏతో పోలిస్తే బాగా తింటున్నవాళ్లు కూడా లోపం ఉన్నవాళ్ల లెక్కలో పడిపోతారు. ఈ చిన్న తేడాతో జనాన్ని భయపెట్టి పౌడర్లు అమ్ముతారు. మధ్యతరగతి ఇళ్లలో పండ్లు, గుడ్లు కొనాల్సిన డబ్బు అలా డబ్బాల మీద పోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

"రోజూ అంత తినాలా?" అన్నారు. అక్కర్లేదు. అది కొన్ని రోజుల సగటు. విటమిన్ ఎ కాలేయంలో నెలల తరబడి నిల్వ ఉంటుంది. ఐరన్‌కీ నిల్వలున్నాయి. వారం మొత్తంలో ఆకుకూర, పప్పు, పండు, గుడ్డో చేపో పాలో ఎన్నిసార్లు పడ్డాయో చూసుకుంటే చాలు, ప్రతి ప్లేటునీ తూకం వేయొద్దు.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతి. ఆర్‌డీఏ ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆరోగ్యంగా ఉండటానికి. ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటాం, 11 లోపు అంటే మధ్యస్థం. 10.6 అంటే నిల్వలు ఖాళీ అయ్యాకే రక్తం తగ్గి ఉంటుంది. దాన్ని 29 మిల్లీగ్రాముల భోజనంతో నింపాలంటే చాలా కాలం పడుతుంది, అప్పటికి పరీక్షలూ చదువూ ఆ నీరసంలోనే గడిచిపోతాయి. డాక్టర్ ఇచ్చే మాత్రలో ఐరన్ 60 గానీ 100 గానీ ఉండొచ్చు. అది పై హద్దు 45ని దాటింది కదా అని భయపడి ఆపకండి. ఆ హద్దు లోపం లేనివాళ్లు వైద్య సలహా లేకుండా రోజూ వాడేదానికి.

డాక్టర్ని ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష), విటమిన్ బి12 కూడా చూడమని అడగండి, ముఖ్యంగా మీరు శాకాహారులైతే. నెలసరి ఎన్ని రోజులు, ఎంత అవుతుందో మీరే అమ్మాయిని కూర్చోబెట్టుకుని అడగండి, హాస్టల్ ఫోన్లో చెప్పదు. మాత్రని పరగడుపున నిమ్మరసంతో వేసుకుంటే మంచిది, వికారంగా ఉంటే తిన్నాక వేసుకోమనండి. పాలతో, టీతో వద్దు. కాల్షియం మాత్ర కూడా వాడుతుంటే రెండింటికీ కొన్ని గంటల ఎడం ఉండాలి. మలం నల్లగా వస్తే కంగారు పడొద్దని ముందే చెప్పండి, ఐరన్ మాత్రలతో అలాగే వస్తుంది. నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే పెరుగుతోందో లేదో తెలుస్తుంది. హిమోగ్లోబిన్ 12 దాటగానే చాలామంది మాత్రలు ఆపేస్తారు. అప్పటికి రక్తం నిండింది గానీ నిల్వలు నిండలేదు, మామూలుగా ఇంకో మూడు నెలలు కొనసాగిస్తారు. ఎప్పుడు ఆపాలో మీ డాక్టర్నే చెప్పనివ్వండి.